‘కండక్టరు’ - పదచరిత్ర, ప్రయోగవిమర్శ

ఖరగ్‌పూరు ఓల్డ్ సెటిల్‌మెంటులో పెరుగుచున్న ఒక తెలుగు పిల్లవానిని ఊహించుకొనుడు. ‘కండక్టరు’ అన్న మాట వానికి మూడు దిక్కులనుండి వినబడును. తండ్రి రైలు ఉద్యోగి. ఆయన నోట కండక్టరు అనగా మెయిలు బండిలో మొదటి తరగతి పెట్టె వాకిట ప్రయాణికుల పట్టిక పట్టుకొని నిలుచువాడు. అన్న వర్కుషాపులో విద్యుత్తు పని నేర్చినవాడు. అతనికి కండక్టరు అనగా తీగ. సెలవులకు శ్రీకాకుళము వెళ్లినప్పుడు మేనమామ చెప్పు కండక్టరు వేరొకడు. తోలుసంచి భుజమునకు తగిలించుకొని, టిక్కెట్లు చించి యిచ్చి, ‘రైట్ రైట్’ అని బస్సును కదిలించువాడు. ముగ్గురును ఆడునది తెలుగే. ముగ్గురి నోటను పదమొకటే. ఆ మూడర్థములకు మాత్రము ఒకదానితో నొకటికి పరిచయము లేదు.

ఇది వినోదమునకు చెప్పుకొను ముచ్చటగా ముగియదు. కథలోగాని అనువాదములోగాని ఈ పదము తగిలినప్పుడు రచయిత ఏ కండక్టరును చూచుచున్నాడో పాఠకునికి తెలియవలెను. తెలియనిచో పాత్రయొక్క అంతస్తు, జీతము, గౌరవము, ఒక్కొక్కప్పుడు అవమానము కూడ తారుమారగును. అన్యదేశ్యములను గూర్చి మన విమర్శకులు వాదించునప్పుడు సాధారణముగా వాడవచ్చునా, వాడరాదా అని రెండు పక్షములుగా చీలుదురు. వచ్చిన మాట ఏ వాకిట వచ్చినది, వచ్చి ఏ పనిలో కుదిరినది అను ప్రశ్న ఆ సందడిలో మరుగుపడినది. ‘కండక్టరు’ తెలుగులో ఒక్క పదముగా లేదు. అది ఒకే రూపము ధరించిన కొన్ని పదముల గుంపు. అట్లు కాదనుకొని వ్రాసినవారు, నిఘంటువులో ఒక్క పంక్తితో తేల్చినవారు, ఒక్క సంస్కృత సమాసముతో దానిని మార్చివేయ బూనినవారు, ముగ్గురును ఒకే పొరపాటు చేయుచున్నారు.

ఈ విచారమునకు ఖరగ్‌పూరు తగిన స్థలము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తూర్పు తీరపు రైలు మార్గములో వాల్తేరునుండి కటకము వరకుగల ఉత్తరభాగము 1902లో దాని చేతికి వచ్చినది. అంతటితో విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము చుట్టుపట్ల పల్లెలకు ఖరగ్‌పూరు ఒకే కంపెనీ దారిమీది ఊరయినది. అక్కడ పెద్ద కూడలి ఉన్నది, వర్కుషాపు ఉన్నది, జీతమున్నది. పనికి పోయినవారు కాపురము పెట్టినారు. కాపురము పెట్టినవారి మనుమలు అక్కడనే పుట్టినారు. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైనది; 1955లో ఆగ్నేయ రైల్వే అను పేరు వచ్చినది. పేటల పేర్లు మాత్రము కంపెనీ నాటివి నిలిచిపోయినవి.

‘ఓల్డ్ సెటిల్‌మెంటు’ అన్న పేరే చూడుడు. తెలుగు దేశమున సెటిల్‌మెంటు అనగా ఒక తరమువారికి 1802 నాటి జమీందారీ శిస్తు నిర్ణయము. బాపట్ల ప్రాంతమువారికి స్టూవర్టుపురము, అనగా సాల్వేషన్ ఆర్మీవారు నడపిన నిర్బంధపు వసతి. నేటి పట్టణవాసికి కోర్టు గుమ్మము ఎక్కకుండ తగవు తీర్చు బేరము. ఖరగ్‌పూరు తెలుగువానికి ఇవేవియు కావు. వరుసగా కట్టిన రైలు క్వార్టర్లు, వాని తాత దిగిన ఇల్లు. ఒక రచయిత ‘అతడు సెటిల్‌మెంటులో పుట్టినాడు’ అని వ్రాసి ఊరు చెప్పక విడిచినచో, కోస్తా పాఠకుడొకడు ఆ పాత్రను నేరగాని బిడ్డగా భావించు ప్రమాదమున్నది. పరభాషాపదము దిగుమతి యగునప్పుడు దాని వెంట దాని ఊరు కూడ రావలెనని చెప్పుటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణ దొరకదు.

ఇక కండక్టరు పుట్టువు. లాటినులో ‘దూకెరె’ అనగా నడిపించుట, వెంటబెట్టుకొని పోవుట; ‘కోన్’ అనగా కూడ. రెండును కలసి ‘కొందూకెరె’: ఒకచోటికి చేర్చి తీసికొనిపోవుట. ఆ క్రియకే మరియొక అర్థము కూడ ఏర్పడినది. అది కూలికి కుదుర్చుకొనుట. పదిమందిని పోగుచేసికొని పనికి తీసికొనిపోవువాడు వారికి కూలి కూడ మాటలాడును గదా. రోమనుల ధర్మశాస్త్రము ఈ రెండవ అర్థమునే పట్టుకొన్నది. అద్దె, కౌలు, కూలి, గుత్త అను నాలుగింటిని వారు ‘లొకాతియో కొందుక్తియో’ అను ఒకే ఒడంబడిక క్రింద చేర్చినారు. ఇచ్చువాడు లొకాతోర్, పుచ్చుకొనువాడు కొందుక్తోర్. ఇల్లు అద్దెకు తీసికొన్నవాడు కొందుక్తోర్. పొలము కౌలుకు చేసికొన్నవాడు కొందుక్తోర్. కూలివానిని పెట్టుకొన్న యజమానియు కొందుక్తోరే. గుత్తపని దగ్గర మాత్రము బొమ్మ తిరగబడును. అక్కడ పని ఒప్పజెప్పిన ఆసామి లొకాతోర్. దానిని పూర్తిచేసి యిత్తునని పుచ్చుకొన్న పనివాడు కొందుక్తోర్. రోమను గ్రంథమును తెలుగు చేయువాడు ఈ ఒక్క పదమును ఒకచోట కౌలుదారని, ఒకచోట యజమానియని, ఒకచోట గుత్తదారని వ్రాయక తప్పదు. ఒకే మాట యజమానిని, అతనికి పనిచేయువానిని కూడ చెప్పుట వింతగా తోచవచ్చును. పనిని ‘పుచ్చుకొనుట’ అను ఒక్క దృష్టితో చూచినవారికి వింత లేదు.

ఇక్కడ తెలుగువారికి ఒక పాత పరిచయస్థుడు కనబడును. అతడు మేస్త్రీ. ఆ పేరు పోర్చుగీసు ‘మెస్త్రె’నుండి వచ్చినదని అందరెరిగినదే. రైలు కట్టడములలో, గట్టు పనులలో, తోటలలో మనుషులను సమకూర్చుట మేస్త్రీల ద్వారా, గుత్తదారుల ద్వారా జరుగుట నాటి పద్ధతి. ఊరిలో బయానా యిచ్చి, పదిమందిని కూడగట్టి, వారి ముందు నడచి, పని జాగాకు చేర్చి, వారి కూలిలో తన వంతు తీసికొనువాడు మేస్త్రీ. ‘కొందూకెరె’ అను క్రియకు మూలార్థము, ధర్మశాస్త్రార్థము రెండును ఒక్క మనిషియందు చూడవలెనన్నచో ఇతనిని చూడవలెను. ఇంగ్లీషు కండక్టరు మన దేశమునకు రాకపూర్వమే లాటిను కండక్టరు చేయు పని తెలుగు పల్లెలో జరుగుచున్నది. మలయా రబ్బరు తోటలలో ఈ పోలిక ఇంకను విశదము. అక్కడ కూలీలపై కంగాణి, కంగాణిపై ‘కండక్టరు’ అను పేరుగల ఉద్యోగి, అతనిపై చిన్నదొర, పెద్దదొర. ఆ తోటలకు పోయిన తెలుగు కుటుంబములకు కండక్టరు అనగా తెల్లవారుజామున హాజరు చూచువాడు, చెట్లు గీచిన తీరు తనిఖీ చేయువాడు. ఆ జీవితమును గూర్చి వ్రాసిన పుటలో కండక్టరు రాగానే కూలీలు మాటలాపినచో, బస్సెక్కి తిరుగు పాఠకునికి కారణము బోధపడదు.

ఇంగ్లీషులో ఈ పదము మొదట దారిచూపువాడు, నాయకుడు అను అర్థములలో చాలకాలము మెలగినది. సైన్యమునకు వెళ్లినది. ఈస్టిండియా కంపెనీ ఫిరంగి శాఖలో మందుగుండు, సామాను బండ్ల బాధ్యత వహించు వారంటు ఉద్యోగులకు కండక్టర్లని, వారి క్రిందివారికి సబ్‌కండక్టర్లని పేరుండెను. మన దేశమున అడుగుపెట్టిన తొలి కండక్టర్లలో వీరిని లెక్కింపవలెను. టిక్కెట్టుకు వారికి సంబంధము లేదు.

టిక్కెట్టు సంబంధము వీథిబండ్లతో వచ్చినది. లండనులో షిల్లిబీరు అనునతడు 1829లో ఓమ్నిబస్సు నడపినప్పుడు గుఱ్ఱములు తోలువాడొకడు, వెనుక నిలిచి జనమును ఎక్కించి డబ్బు పుచ్చుకొనువాడొకడు అవసరమైనారు. ఆ రెండవవాడు కండక్టరు. రైళ్లు వచ్చునప్పటికి ఇంగ్లీషు రెండు పాయలైనది. బ్రిటనులో రైలు వెనుక పెట్టెలోని అధికారికి గార్డు అని పేరు వచ్చినది. తపాలా గుఱ్ఱపుబండ్లపై తుపాకితో కూర్చుండిన కావలివాని పేరే అది. అమెరికాలో ఆ స్థానమునకు కండక్టరు అన్నారు. అక్కడి కండక్టరు టిక్కెట్లు చూచును గాని, టిక్కెట్లు చూచుటకే ఉన్నవాడు కాడు. బండి మొత్తము అతని అధీనము. ఇంజను నడుపువానిని అక్కడ ఇంజనీరందురు. అతడును కండక్టరు మాటకు లోబడి యుండును. కాబట్టి అమెరికా నవలను తెలుగు చేయుచు ‘కండక్టరు ఇంజనీరును పిలిచి బండి ఆపించినాడు’ అని మక్కికి మక్కి దించినచో తెలుగు పాఠకునికి బస్సు కండక్టరొకడు పట్టభద్రుడైన ఇంజనీరుపై పెత్తనము చేసినట్లు తోచును. వాక్యములో తప్పు లేదు, అర్థములో నిజము లేదు.

మన రైళ్లు బ్రిటిషు దారిని నడచినవి గనుక మనకు గార్డు ఉన్నాడు. ఆకుపచ్చ జెండా, ఎఱ్ఱ జెండా, ఈల, వెనుక బ్రేకు పెట్టె ఆయనవి. కండక్టరు వేరు, ఆయన మొదటి తరగతివారి బెర్తుల లెక్క చూచువాడు. టిక్కెట్టు కలెక్టరు మరి వేరు. (జిల్లాను ఏలు కలెక్టరు శిస్తు వసూలు చేసినందువలన, ఈయన టిక్కెట్లు వసూలు చేసినందువలన ఇద్దరును ఒకే పేరువారైనారు, పల్లెటూరి తల్లి ఒకతె తన కొడుకు కలెక్టరైనాడని చెప్పినప్పుడు ఏ కలెక్టరని అడుగువాడు మొరటువాడు.) రైలు ఊరిలో ఈ తేడాలు పసిపిల్లలకు తెలియును. ‘కండక్టరుతో చెప్పి బెర్తు వేయించినాడు’ అన్న వాక్యము ఓల్డ్ సెటిల్‌మెంటులో పలుకుబడిని సూచించును. అదే వాక్యమును జిల్లా బస్సులలో తిరుగువాడు చదివినచో అర్థము లేనిదిగా తోచును. ‘కండక్టరు రెండు రూపాయలు బాకీ’ అన్నది బస్సు ప్రయాణికుని వాక్యము. టిక్కెట్టు వీపున చిల్లర లెక్క వ్రాయించుకొని, దిగువేళ అది మరచిపోయి, ఇల్లు చేరినపిదప గుర్తుకు తెచ్చుకొన్నవాని దుఃఖమందున్నది.

తెలంగాణములో బస్సు కండక్టరు రైలు శాఖ కడుపున పుట్టినవాడని చాలమంది ఎరుగరు. 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ఆరంభించినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడునప్పటికి ఆ పరంపర దానిలో కలసినది. ఎఱ్ఱబస్సు ఎక్కినవారందరకు కండక్టరు నోటి రెండు మంత్రములు తెలియును: కదలుటకు ‘రైట్’, ఆగుటకు ‘హోల్డాన్’. ఈ రెండవది ఇంగ్లీషువారు బస్సు ఆపుటకై పలుకు మాటయని చెప్పుట కష్టము. పట్టుకొని నిలువుడని హెచ్చరించు మాట తెలుగు బస్సులో ఆపుమను ఆజ్ఞగా స్థిరపడినది. చక్రము డ్రైవరు చేతిలో ఉన్నను బండి కదలుట, ఆగుట కండక్టరు నోటిలో ఉన్నది. ఆ మేరకు ‘నడిపించువాడు’ అను లాటిను అర్థము చిల్లర సంచి క్రింద నలిగియు బ్రతికియున్నది.

తీగ సంగతి వేరు కథ. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనునతడు జనపనార పురిద్వారా విద్యుత్తును దూరమునకు పంపి చూచినాడు. పురిని పట్టుదారములతో వ్రేలాడదీసినప్పుడు విద్యుత్తు కడవరకు పోయినది. పట్టుదారము తెగినదని ఇత్తడి తీగతో కట్టినప్పుడు దారిలోనే జారిపోయినది. కొన్ని వస్తువులు విద్యుత్తును పోనిచ్చును, కొన్ని పోనీయవు అను ఎఱుక అట్లు కలిగినది. పోనిచ్చువానికి కండక్టరు అను పేరును డెసగులియర్స్ వ్యాప్తికి తెచ్చినాడు. దారిచూపు మనిషి పేరును వస్తువునకు పెట్టుట అప్పటికి ఉపమానమే. విద్యుత్తు ఒక యాత్రికుడు, తీగ దానికి ముందు నడచువాడు. శతాబ్దము నడుమకు ఫ్రాంక్లిను పిడుగు కడ్డీకి కూడ అదే పేరు కుదిరినది. క్రమముగా ఉపమానము చల్లారి పరిభాష అయినది.

తెలుగు శాస్త్రగ్రంథములు దీనికి ‘వాహకము’ అన్నవి. మంచి మాట, ఎక్కడను తడబడలేదు. అయినను అది అనువాదము కాదని గుర్తింపవలెను. ఇంగ్లీషు తీగ ముందు నడచి దారి చూపును. సంస్కృతపు తీగ పల్లకి బోయీవలె మోయును. సామాన్య తెలుగు ఈ రెండు ఊహలను కాదని, కరెంటు ‘పారును’ అన్నది. కాలువ చూచినవాని ఊహ అది. హిందీలో తీగకు ‘చాలక్’, బండి నడుపువానికిని ‘చాలక్’, బస్సు కండక్టరునకు ‘పరిచాలక్’. తీగయు డ్రైవరును ఒక్కరైనారు, కండక్టరు వేరైనాడు. ఇంగ్లీషులో తీగయు కండక్టరును ఒక్కరు, డ్రైవరు వేరు. కన్నడము బస్సులోనివానిని ‘నిర్వాహక’ అన్నది. తమిళము ‘నడత్తునర్’ అని తన ధాతువుతోనే చేసికొన్నది. తెలుగు బస్సులో మాత్రము కండక్టరు కండక్టరుగనే నిలిచినాడు. ఇది మన దరిద్రమని నిందించినవారున్నారు. ఆ నింద సరియైనదో కాదో చూచుటకు ముందు తెలుగు వ్యాకరణము ఈ పదమును ఏమి చేసినదో చూడవలెను.

ఇంగ్లీషులో మనిషికిని తీగకును రూపభేదము లేదు. తెలుగులో ‘కండక్టరు దిగిపోయినాడు’, ‘కండక్టరు తెగిపోయినది’. మహద్వాచకము, అమహద్వాచకము అను మన పాత విభాగము పరాయి పదమును చేతికందుకొన్న మరుక్షణమే రెండుగా చీల్చినది. క్రియ వినబడగానే అర్థము తేలిపోవును. ఇంగ్లీషునకు లేని ఈ సౌకర్యము తెలుగు అరువు తీసికొన్న పదమునకు తన సొత్తునుండి చేర్చినది. ఇందులోనే ఒక చిక్కు కూడ ఉన్నది. తెలుగులో స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుతో కలియును. రవాణా సంస్థలో స్త్రీలు ఈ ఉద్యోగమున చేరినపిదప ‘కండక్టరు వచ్చింది’ అన్న వాక్యమునకు ఉద్యోగినియని అర్థము చెప్పవలెనా, తీగయని చెప్పవలెనా? వ్యాకరణము ఆమెను తీగతో కూర్చుండబెట్టినది. వాడుక ఊరకుండలేదు. ‘కండక్టరమ్మ వచ్చింది’ అని పల్లె, ‘కండక్టరుగారు వచ్చారు’ అని పట్టణము, రెండును ఆమెను లేవదీసి గౌరవస్థానమున నిలిపినవి. ఏ పండిత పరిషత్తును తీర్మానము చేయలేదు. టిక్కెట్టు కొనువారే దిద్దినారు. ఇంతటి వ్యవహారము జరిగినపిదప ఈ పదమును ఇంకను ఇంగ్లీషు పదమనుట పెంపుడు బిడ్డను ముప్పదేండ్ల తరువాత కూడ పొరుగింటివాడని పిలుచుటవంటిది.

సంగీతములోని కండక్టరు మనకు అంతగా పట్టలేదు. పాశ్చాత్య వాద్యబృందమునకు ఎదుట కఱ్ఱ పట్టి నిలుచువాడు పంతొమ్మిదవ శతాబ్దిలో స్థిరపడిన వ్యక్తి. మన కచ్చేరిలో నాయకుడు పాడువాడే. కూచిపూడిలో తాళములు చేతబట్టిన నట్టువాంగమువాడు కొంత దగ్గరవాడు. కాని అతడు మౌనముగా ఉండడు, జతులు తానే పలుకును. ఆకాశవాణి ఢిల్లీ వాద్యబృందమును ఈమని శంకరశాస్త్రి నిర్వహించినారని తెలుగువారు గర్వముతో చెప్పుకొందురు. ఆయనను ‘కండక్టరు’ అని తెలుగులో వ్రాసిన ఎడల చదువరి పెదవులపై చిరునవ్వు మొలచును. ఆ చిరునవ్వే సాక్ష్యము: ఈ అర్థములో పదమింకను తెలుగు కాలేదు. ఇక్కడ ‘నిర్వాహకుడు’ అనుటయే న్యాయము.

తెలుగులో ఈ భావమునకు ఇంటి మాటలు లేకపోలేదు. ‘నడ’ అను మూలమునుండి నడచుట, నడపుట, నడత, నడవడి పుట్టినవి. ఇంగ్లీషులో ‘కండక్టు’ అను ఒక్క మాట నడిపించుటను, శీలమును కూడ చెప్పినట్లే, తెలుగులో నడపుటయు నడతయు ఒక కడుపున పుట్టినవి. బడినుండి పిల్లవాడు తెచ్చు ‘కాండక్టు సర్టిఫికెట్టు’ను నడవడి పత్రమనుటలో బలవంతమేమియు లేదు. సంస్కృతమున ‘నీ’ ధాతువునుండి నాయకుడు, నేత పుట్టినారు. లాటిను ‘దూకెరె’తో దీనికి పుట్టుకలో చుట్టరికము లేదు, పనిలో మాత్రము కవలలు. లాటిను ధాతువు ఒకవైపు ఇంగ్లీషులో డ్యూకును, మరియొకవైపు ఇంటి గోడలోని ‘కండ్యూటు’ గొట్టమును కన్నది. వైరుమేను గొట్టములో తీగ దూర్చునప్పుడు అన్నదమ్ములను ఒకచోట చేర్చుచున్నాడు. మన ‘నాయకుడు’ అంత దిగిరాలేదు. కావ్యములో కథానాయకుడైనాడు, కోటలో దండనాయకుడైనాడు, ఖరగ్‌పూరులో 1927 నాటి సమ్మెదినములలో కార్మికనాయకుడైనాడు. ఆనాడు రైలు కార్మికుల ముందు నిలిచిన వి. వి. గిరి తెలుగువాడు, బరంపురము వాస్తవ్యుడు. అర్థము ననుసరించి చూచినచో గిరిగారును, పెట్టె వాకిట పట్టికతో నిలిచిన ఉద్యోగియు ఒకే మాటకు తగినవారు. ఒకనికి సంస్కృతము దక్కినది, ఒకనికి ఇంగ్లీషు దక్కినది. మన భాషలో అంతస్తులు ఏర్పడు తీరు ఇట్టిది.

‘కూడ తీసికొనిపోవువాడు’ అను మూలార్థమునకు అచ్చముగా సరిపోవు మాట ఒకటి మనకున్నది: సార్థవాహుడు. సార్థమనగా కలసి ప్రయాణము చేయు వర్తకుల గుంపు. దానిని అడవులు, ఎడారులు దాటించువాడు సార్థవాహుడు. జాతకకథలలో ఇతడు తరచు కనబడును. ఈ మాటను బస్సు కండక్టరునకు తగిలింపుమని చెప్పుట పరిహాసమగును. కాని దీనికొక చోటున్నది. అమెరికాలో దాస్యమునుండి పారిపోవు నల్లజాతివారిని రహస్యముగా ఉత్తర దిశకు చేర్చిన మార్గములకు ‘పాతాళ రైలు’ అనదగిన పేరుండెను. పట్టాలు లేవు, బండి లేదు. ఆశ్రయమిచ్చిన ఇండ్లు స్టేషన్లు, దారి చూపినవారు కండక్టర్లు. హారియెట్ టబ్‌మన్ 1849లో తాను తప్పించుకొని, పిదప పదిమార్లకు పైగా వెనుకకు పోయి డెబ్బదిమంది వరకు వెలికి తెచ్చినది. ఆమె జీవితమును తెలుగు చేయువాడు ‘ఆమె కండక్టరుగా పనిచేసినది’ అని వ్రాసినచో ఆ స్త్రీ భుజమునకు తోలుసంచి తగిలించినవాడగును. రైలు పరిభాషయందలి చమత్కారమును పోనీయరాదు, ప్రాణమునకు తెగించి దారి చూపుటయు మరుగుపడరాదు. అట్టిచోట ‘ఆ రైలునకు ఆమె సార్థవాహురాలు’ అని ఒకసారి చెప్పి, కండక్టరను పేరు ఎందుకు వచ్చినదో అదే వాక్యములో విప్పి, తరువాత కండక్టరనియే వ్రాసికొనిపోవచ్చును. అనువాదకుడు ఒక వాక్యము ఎక్కువ వ్రాయుటకు బద్ధకించరాదు.

‘రైలు’ అను మాటయు ఇట్టి ఉచ్చే. ఇంగ్లీషులో రైలనగా ఇనుపకమ్మి. తెలుగు ఆ పేరును బండికి పెట్టి, కమ్మిని పట్టా అన్నది. కలకత్తాలో 1984లో ఆరంభమైన భూగర్భ రైలునకు విద్యుత్తు ప్రక్కనున్న మూడవ కమ్మినుండి అందును. దానిని ఇంగ్లీషున ‘కండక్టర్ రైల్’ అందురు. ఉన్నదున్నట్లు తెలుగు లిపిలోనికి దింపినచో అది కండక్టరున్న రైలుబండి యగును.

ఇక శుద్ధి వాదము. ఖరగ్‌పూరు తెలుగును గూర్చి కోస్తానుండి వెళ్లిన చుట్టములు చులకనగా మాటలాడుట కద్దు: సగము హిందీ, పాతిక బెంగాలీ, మిగిలినది ఇంగ్లీషు అని. ఆ చులకన కథలలోనికి కూడ ప్రాకినది. ప్రవాసాంధ్రుని నవ్వులాట మాటలాడు పాత్రగా చేయుట, లేకున్న అతనిచే విజయవాడ పత్రికాభాష పలికించుట, రెండే పద్ధతులు ఎక్కువగా కనబడుచున్నవి. రెండింటను అతని చెవి లేదు. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ ఇదే రైలు దారిమీది విజయనగరమున పుట్టినది. అందులో గిరీశము నోటి ఇంగ్లీషు అతని కపటమును పట్టియిచ్చును. అనగా గురజాడ పరభాషాపదమును తూచి వాడినాడు. ఎవరి నోట ఏది, ఎందుకు అని. అంతకు ముందే, 1854లో, బ్రౌను తెలుగులో వాడుకయందున్న మిశ్రభాషాపదములకు ప్రత్యేకముగా ఒక నిఘంటువును వెలువరించినాడు. కచేరీలో, సంతలో వినబడిన మాట పండితునికి నచ్చలేదని లేకుండపోదని ఆ దొర గ్రహించినాడు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటములో భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల మాటలను ఊరూరా సేకరింపించి పొందుపరచినారు. నాగలికి జరిగిన ఆ మర్యాద ఇంజనునకు, బ్రేకు పెట్టెకు, పట్టాకు కూడ జరుగవలసియున్నది. దానికి సామగ్రి బెజవాడ, కాజీపేటలలో ఉన్నంత ఖరగ్‌పూరులోను ఉన్నది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు నిర్ణయించినది. అధికారభాష అయినచో నోటీసులు, దరఖాస్తులు తెలుగులో వెలువడవలెను. వెలువడినచో ఉద్యోగముల పేర్లకు తెలుగు రూపములు కావలెను. అప్పుడు హైదరాబాదు పదకోశమునుండి సమాసములను దింపుకొందురా, ఆ ఊరి తెలుగువారు నూరేండ్లుగా పలుకుచున్న మాటలను చేపట్టుదురా అనునది భాషాసంఘములకు వదలదగిన చిన్న విషయము కాదు. పేర్లు మార్చుట ఎంత సులభమో, మాట మారుట ఎంత కష్టమో రైల్వేవారే చూపించినారు. 2022 జనవరిలో రైల్వే బోర్డు గార్డు పదవికి ‘ట్రెయిన్ మేనేజరు’ అని పేరు మార్చినది. బండి బాధ్యత మొత్తము వహించువానికి కావలివాని పేరు చాలదని ఉద్యోగులు చిరకాలముగా కోరుచున్న మార్పు అది, న్యాయమైన కోరిక. విచిత్రమేమనగా, అమెరికావారు ‘కండక్టరు’ అన్నప్పుడు ఏ అర్థమును ఉద్దేశించిరో, మనవారు రెండు శతాబ్దముల తరువాత ‘మేనేజరు’ అని ఆ అర్థమునకే చేరినారు. ‘మా నాన్న గార్డు’ అని చెప్పుకొని పెరిగినవారిని గూర్చి నేడు కథ వ్రాయువాడు 2022కు పూర్వపు కథలో గార్డనియే వ్రాయవలెను. తరువాతి కథలో కాగితముపై ట్రెయిన్ మేనేజరని, ఇంటిలో గార్డని వ్రాసినను తప్పు లేదు.

నిఘంటుకారునికి మిగిలిన పని ఇది. ‘కండక్టరు’ అను ఆరోపము ఒక్కటి చాలదు. మహద్వాచకముగా ఒకటి: బస్సున టిక్కెట్లిచ్చి బండిని కదిలించు, ఆపించు ఉద్యోగి; స్త్రీయందు కండక్టరమ్మ; ఆంధ్ర, తెలంగాణములందు సర్వత్ర. దాని ప్రక్కన, రైలులో మొదటి తరగతి పెట్టెల బెర్తులు చూచు ఉద్యోగి, రైలు ఊళ్లయందు. తోటలలో కూలీల పని తనిఖీ చేయు ఉద్యోగి, మలయా తెలుగువారియందు. అమహద్వాచకముగా వేరొక ఆరోపము: విద్యుత్తును పోనిచ్చు తీగ, లోహము, పనివారియందు, గ్రంథములందు వాహకము. వాద్యబృందపు అర్థమునకు చోటు అక్కరలేదు. ఒక్కొక్క దాని క్రింద ఆ మాట వాడు మనిషి నోటినుండి వినబడిన వాక్యమొకటి, విన్న ఊరు పేరు ఒకటి. ఖరగ్‌పూరు అను పేరు రెండవ అర్థము క్రింద ముందుగా రావలెను.